గోడ మొదట్లో నాలుగు గుంటలు

అంబాదాస్ కాలికి తడి తగిలింది.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మనిషి పాదాల వైపు చూడడు. చూపు బట్ట మీద ఉంటుంది, చెయ్యి నాడెను అటూ ఇటూ విసిరే తాడు మీద ఉంటుంది, కాళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. అందుకని మొదట పట్టించుకోలేదు. కుడికాలితో తొక్కినప్పుడు చెక్క కింద బురద చప్పుడైంది. అప్పుడు వంగి చూశాడు. గుంట అడుగున నీళ్ళున్నాయి. చూస్తుండగానే చెక్కల మీదికి వచ్చాయి.

కాళ్ళు పైకి లాక్కుని ఆయన ముందుగా చేసిన పని, పడుగు తాడు విప్పడం. మగ్గానికి బిగించిన ఆ నిలువు నూలును చుట్టగా చుట్టి భుజాన వేసుకున్నాడు. ఇంట్లోకి నీళ్ళొస్తే ముందు పడుగు, తర్వాతే మిగతావి. అది తండ్రి నేర్పింది, తండ్రికి తాత నేర్పింది. తడిసిన పడుగు గంజి వదిలేస్తుంది. పోగు పోగుకు అంటుకుంటుంది. విడదీయబోతే తెగుతుంది.

వంటింటి గుమ్మంలో బీడీల చాట ముందేసుకుని కూర్చున్న భార్య కమల లేచి అరిచింది.

"గోడ సూడు! ఓ అయ్యా, గోడ సూడు!"

గుంట పక్క మట్టి జారి నీళ్ళలో పడింది. రోజూ తాను వీపు ఆనించి కూర్చునే గోడ అడుగు నుంచి నెర్రె విచ్చింది. ఆ నెర్రె పైకి పోతూ ఉంది.

"గోడ మీద వడ్తున్నది, నువ్వు నూలు వట్టుకొని నిలవడ్డవా? బైటికి రా, నీకు దండం వెడ్త!"

ఇద్దరూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. షోలాపూర్ దాజీ పేట్‌లో ఆ సందులో భూమిలో వేసిన నీళ్ళ పైపు పగిలింది. నీళ్ళు రోడ్డు మీదికి రాకుండా లోపలి నుంచే దారి చేసుకుని అంబాదాస్ గుంటలో తేలాయి. ఎదురింటి గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి చూసింది.

"ఏందే కమలా, ఇన్నేండ్ల సంది బిందెలు వట్టుకొని నల్లా కాడ కొట్లాడినం. మీ ఇంట్లకు గంగమ్మ తల్లి తనంతట తనే నడిచొచ్చె. పున్నెం జేస్కున్నరు పో!"

"నువ్వుండంగ ఇంకో గంగమ్మ మాకెందుకక్కా," అంది కమల. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు.

అంబాదాస్ నవ్వలేదు. మునిసిపాలిటీ మనిషి వచ్చి నీళ్ళు బంద్ చేశాడు. పక్కింటివాళ్ళు గోడకు రెండు దుంగలు ఆనించారు. అందరూ పోయాక కూడా ఆయన పడుగు చుట్ట భుజాన ఉంచుకునే అరుగు మీద కూర్చున్నాడు.  కమల దగ్గరికి వచ్చింది.

"గోడే గదా. మళ్ల వెట్టుకుందాం. గింతదానికి గట్ల కూసున్నవేంది?"

"ఈ గోడ గాదే," అన్నాడు.

ఆ ఏడు చలికాలం చివర ఆయన హిమాలయాల్లోని గఢ్వాల్ కొండల్లో రౌంతోలీ అనే పల్లెకు పోయి వచ్చాడు. అక్కడొక మహిళా సంఘం ఉంది. మగవాళ్ళు కొందరు పటాలానికి, కొందరు మైదానాల్లో హోటళ్ళ పనికి పోగా ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు పెట్టుకున్న సంఘం. మొదట ఊట నీళ్ళు పట్టుకోవడానికి తొట్టి కట్టారు. తర్వాత చెట్లు కొట్టేసిన కొండ మీద మొక్కలు పెట్టారు, పసిపిల్లలకు బాల్వాడీ నడిపారు. ఆ పైన చేతికి ఒక పని కావాలనుకున్నారు. ఊరికి కరెంటు లేదు. సంఘం నడిపే సావిత్రీ దీదీ పుణేలో ఒక మేళాకు వచ్చి, కరెంటు అక్కర్లేని మగ్గం పెట్టి నేర్పేవాళ్ళు ఎవరని షోలాపూర్ వాళ్ళను అడిగింది.

అప్పటికి షోలాపూర్ అంతా పవర్‌లూముల పాలైంది. గుంట మగ్గం మీద కూర్చునేవాళ్ళు దాజీ పేట్‌లో కొద్దిమందే మిగిలారు. కుంఠా నాకా కార్ఖానాల వాళ్ళు అంబాదాస్‌ను మ్యూజియం అని పిలిచేవాళ్ళు. కొండ మీది ఆడవాళ్ళు మాస్టర్‌జీ అన్నారు. ఆ పిలుపు కోసమే ఆయన అంత దూరం పోయాడు.

మగ్గాలకని వాళ్ళు ఒక గది కట్టారు. రాళ్ళు తామే మోశారు. గది వెనక కొండ. కొండ మీద మెట్లు మెట్లుగా పొలాలు. పై పొలం మట్టి జారకుండా ఆపే రాతి గోడ ఈ గది వెనక గోడను ఆనుకునే ఉంది. దాన్ని అక్కడ పుష్తా అంటారు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా ఒక పుష్తా ఉంది.

అంబాదాస్ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. నేసేవాడి వీపు గోడకు ఉండాలి. మగ్గం మీద ఉన్నప్పుడు వెనక నుంచి మనిషి నడవకూడదు. తలుపు దగ్గర గుంట తవ్వకూడదు. తాత అలాగే కూర్చున్నాడు, తండ్రి అలాగే కూర్చున్నాడు. అందుకని రౌంతోలీలో కూడా తలుపుకు దూరంగా, లోపలి గోడ మొదట్లో ముగ్గుపిండితో గీతలు గీశాడు. ఆ లోపలి గోడ కొండ వైపు గోడ.

గౌరా దాదీ అనే ముసలామె నడుముకు కొడవలి దోపుకుని వచ్చి ఆ గీతల దగ్గర నిలబడింది. కాలితో నేలను తట్టింది.

"మాస్టర్‌జీ, పుష్తే కీ జడ్ మత్ కాటో," అంది. పుష్తా మొదలు కొయ్యొద్దని. తలుపు వైపు చెయ్యి చూపించి, తవ్వితే అక్కడ తవ్వమంది.

అంబాదాస్‌కు నవ్వొచ్చింది. "గడ్డి కొయ్యడం నువ్వు నాకు నేర్పు దాదీ, మగ్గం నేను నీకు నేర్పుతా," అని తనకొచ్చిన హిందీలో అన్నాడు. ఆడవాళ్ళంతా నవ్వారు. దాదీ కూడా నవ్వి, కొడవలి సర్దుకుని వెళ్ళిపోయింది. మట్టి ఆ రోజుల్లో ఎండి ఉంది. పలుగు వేస్తే బెల్లం అచ్చులా విరిగింది. నాలుగు గుంటలు వరసగా తవ్వాడు. వానలు పడకముందే పని నేర్పి తిరిగొచ్చాడు. ఆ కొండ మీద వాన ఎలా పడుతుందో ఆయన చూడలేదు.

ఇప్పుడు ఆషాఢం దాటింది. ఒక పైపులో నీళ్ళకే తన గుంట పక్కలు కూలాయి. అక్కడ గోడ వెనక పొలం ఉంది, పొలం వెనక ఇంకో పొలం ఉంది, వాటి పైన కొండంతా ఉంది. ఆ నీళ్ళు దిగే చోట గోడ మొదలు తానే తవ్వి వచ్చాడు. ఆ గుంటల్లో నలుగురు ఆడవాళ్ళు గోడకు వీపు పెట్టి కూర్చుంటున్నారు. వెనక ఏం జరుగుతున్నదో వాళ్ళకు కనపడదు.

"ఫోన్ జెయ్యాలె," అని లేచాడు.

"ఎవలికి?"

"కొండకు."

 కమల ఆయన భుజం మీది పడుగు తీసి లోపల దండెం మీద వేసి, చెప్పులు తొడుక్కుని వెంట నడిచింది.

అశోక్ చౌక్‌లో రాజారాంకు ఎస్టీడీ బూత్ ఉంది. అంబాదాస్‌కు వరసకు తమ్ముడవుతాడు. మరాఠీ పేపరు చదువుతూ కూర్చున్నవాడు వీళ్ళను చూసి కాళ్ళు దించాడు.

"రా అన్నా. వదినె సుత అచ్చింది. ఏంది, మీ ఇంట్ల ఈత కొడ్తున్నరంట గదా?"

"గఢ్వాల్‌కు లైన్ కల్పు."

"హిమాలయాలకా? శివునికి జేస్తవా, పార్వతికి జేస్తవా?"

"రాజారాం," అంది కమల. ఆ ఒక్క మాటతో వాడు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

రౌంతోలీలో ఫోన్ లేదు. కొండ కింద బజారులో ఒక కిరాణా దుకాణంలో ఉంది. అంబాదాస్ చెప్పిన నంబరు రాజారాం తిప్పాడు. రిసీవర్లో ఆడగొంతు హిందీలో, ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని చెప్పింది. మళ్ళీ తిప్పాడు. అదే గొంతు. అంబాదాస్ అద్దాల గదిలో నిలబడి వింటూనే ఉన్నాడు, ఆ గొంతు ఈసారి వేరే మాట చెబుతుందేమో అన్నట్టు.

"టెలిగ్రాం తార్ కొడ్తె?" అంది కమల.

"తార్ బజార్ దాంక పోతది వదినె. ఆడికెల్లి మనిషి నడుసుకుంట ఎక్కాలె." రాజారాం గొంతు తగ్గించాడు. "పేపర్ల సుత ఏసిండ్రు. ఆ దిక్కు వానలు బగ్గ కొడ్తున్నయంట. రోడ్లు తెగినయంట."

"యాడ?"

"ఊరు పేరు రాయలే అన్నా. కొండల మీద అని రాసిండ్రు."

అంబాదాస్ పేపరు తీసుకున్నాడు. రెండు వాక్యాల వార్త. మట్టిపెళ్ళలు విరిగిపడ్డాయని, కొన్ని ఇళ్ళు దెబ్బతిన్నాయని, మృతుల సంఖ్య తెలియరాలేదని ఉంది. అదే వార్త మళ్ళీ మళ్ళీ చదివాడు.  బయట బల్ల మీద కూర్చుని కమలకు అప్పుడు చెప్పాడు. దాదీ వచ్చింది, వద్దంది, తాను నవ్వాడు.

కమల ఆయన వైపు తిరిగింది.

"ఆ ముసలామె చెప్తె ఇనకపోతివా?"

"ఆమెకు మగ్గం సంగతి ఏం ఎరుకనే అనుకున్న."

"మగ్గం ఎరుక లేదు. గోడ ఎరుకనే గదా. ఆ గోడ కాడ పుట్టి, ఆ గోడ కాడ ముసల్దైంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్ను అనుకుంట కూసుంటె ఇప్పుడేమొస్తది? ఏమన్న అయితె మాత్రం నేను ఊకుంటననుకోకు."

"అన్నా, లైన్ తల్గింది!" అని లోపల్నుంచి రాజారాం కేక వేశాడు.

అంబాదాస్ పరుగెత్తి రిసీవర్ అందుకున్నాడు. గరగర చప్పుడు. దాని వెనక నుంచి మగగొంతు. "హలో, కౌన్?"

"మై షోలాపూర్ సే. మగ్గం మాస్టర్. రౌంతోలీ కైసా హై?"

"మాస్టర్‌జీ!" దుకాణం మనిషి గుర్తుపట్టాడు. "పుష్తా గిర్ గయా, మాస్టర్‌జీ. ఆప్‌కా కమరా..."

పుష్తా కూలింది. మీ గది. అక్కడితో లైన్ తెగింది.

ఆయన హలో, హలో అని అరుస్తూనే ఉన్నాడు. రాజారాం లోపలికి దూరి రిసీవర్ తీసుకుని పెట్టేశాడు. కమల నీళ్ళు తాగించింది.  ఆ గదిలో నేసే నలుగురి మొహాలూ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. అందరికంటే చిన్నది బిష్ణీ. పని అందరికంటే ముందు పట్టుకున్నది ఆ పిల్లే. మొగుడు పటాలంలో ఉన్నాడు. తెల్లారగానే మగ్గం మీద ఉండాలని ఆయన కోప్పడితే మిగతావాళ్ళు ముందు అడవికి పోయి గడ్డి కోసుకుని ఎండెక్కాక వచ్చేవాళ్ళు. మాస్టర్‌జీ మాట విని తెల్లారగానే వచ్చి కూర్చునేది బిష్ణీ ఒక్కతే. ఆయన దాన్ని అందరి ముందూ మెచ్చుకునేవాడు.

"తిప్పు," అన్నాడు. "ఇంకోసారి తిప్పు."

రాజారాం తిప్పుతూనే ఉన్నాడు. బేరాలు వచ్చి నిలబడితే, "మిషన్ ఖరాబైంది, అవుతల బూత్‌కు పోండ్రి" అని పంపేశాడు. వాడి నోట మళ్ళీ హాస్యం రాలేదు. కమల పక్క చాయ్ దుకాణం నుంచి మూడు కప్పులు తెచ్చింది. అవి అలాగే చల్లారిపోయాయి.

మధ్యాహ్నం దాటాక లైన్ మళ్ళీ కలిసింది. ఈసారి గొంతు సావిత్రీ దీదీది. కింద బజారుకు దిగి వచ్చి ఆమె కూడా ఫోన్ల కోసమే కూర్చుని ఉంది.

"దీదీ, లోపల ఎవరున్నారు?" హిందీలో అడుగుదామనుకున్నది తెలుగులో వచ్చింది. మళ్ళీ హిందీలో అడిగాడు.

సావిత్రి నిదానంగా చెప్పింది. మొదటి వాన పడ్డ వారంలోనే గుంటల్లో ఊట ఎక్కింది. గౌరా దాదీ వచ్చి, ఇక ఎవరూ లోపల కూర్చోవద్దని తలుపుకు అడ్డం నిలబడింది. గుంటల మీద పలకలు కప్పి, నేయడం ఆపేశారు. ఆ సంగతి మాస్టర్‌జీకి ఎవరూ రాయలేదు. మనసు కష్టపెట్టుకుంటాడని రాయలేదు. నిన్న పొద్దున పుష్తా నుంచి బురద నీళ్ళు కారడం మొదలైంది. అందరూ బయటే నిలబడి చూస్తున్నారు.

"మరి?"

"బిష్ణీ లోపలికి పోయింది."

"ఎందుకు?"

"పడుగు తేవడానికి," అంది సావిత్రి. "నీళ్ళొస్తే ముందు పడుగు అని మీరు చెప్పారట. దాదీ కొంగు పట్టుకుని ఆపింది. కొంగు విడిపించుకుని పోయింది."

 అంబాదాస్‌కు పొద్దున తన భుజం మీద పడుగు చుట్ట బరువు గుర్తొచ్చింది.

బిష్ణీ తలుపు దగ్గరికి తిరిగి వచ్చేసరికి గోడ పడిందట. నడుము దాకా బయట ఉంది, కాళ్ళు రాళ్ళ కింద ఉన్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళంతా చేతులతో రాళ్ళు తీశారు. ప్రాణముంది. కుడికాలు నుజ్జయింది. మంచానికి కర్రలు కట్టి, తెగిన రోడ్డు పక్క నుంచి అడవి దారిలో మోసుకుపోయారు. పట్నం ఆసుపత్రికి చేరిందో లేదో తెలియలేదు. కాలు తీసెయ్యాల్సి వస్తుందని కింద బజారులో కాంపౌండర్ అన్నాడు.

"పడుగు పట్టుకునే ఉంది, మాస్టర్‌జీ. చేతిలోంచి విడిపించలేకపోయాం," అంది. తర్వాత ఫోన్ ఎవరికో ఇచ్చిన చప్పుడైంది.

ఊపిరి వినిపించింది. ఫోన్‌లో మాట్లాడటం అలవాటు లేని మనిషి కొండ మీది నుంచి లోయలోకి కేకేసినట్టు కేకేసింది. గౌరా దాదీ.

"మాస్టర్‌జీ! సున్ రహే హో?"

"వింటున్నా దాదీ."

తిడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాడు. దాదీ తిట్టలేదు. వానలు తగ్గాక రమ్మంది. ఈసారి గుంటలకు చోటు తాను చూపిస్తానంది. ఆయన జవాబు చెప్పేలోగా లైన్ తెగిపోయింది.

బిష్ణీ కబురు తెలిసేదాకా అంబాదాస్ సరిగా తినలేదు. బజారుకు ఫోన్ మళ్ళీ కలవలేదు. రాజారాం రోజూ ప్రయత్నిస్తూనే ఉన్నాడు. ఇంట్లో గుంటలో నీళ్ళు ఇంకిపోయాయి, బురద ఎండింది. దుంగలు ఆనించిన గోడ అలాగే నిలబడి ఉంది. ఒకసారి గుంట అంచున కూర్చుని కాళ్ళు దించబోయాడు. పిక్కలు బిగుసుకుపోయాయి. కాళ్ళు పైకి తీసుకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. చప్పున లేచి అవతలికి వచ్చేశాడు.

మర్నాడు పలుగు పట్టుకుని ఇంటి మధ్య నిలబడ్డాడు.

"కమలా."

ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ ఉంది. "ఏంది?"

"గుంట యాడ తవ్వాలె?"

కత్తెర ఆగింది. పెళ్ళై ఇన్నేళ్ళలో మగ్గం గురించి ఆయన ఆమెను ఏదీ అడగలేదు. అడిగాడో, వెక్కిరిస్తున్నాడో అని మొహం చూసింది. తర్వాత మళ్ళీ ఆకు మీదికి వంగింది.

"తలుపు కాడ. ఎల్తురొస్తది. గోడ సుత దూరముంటది."

"ఎన్క నుంచి మనుషులు నడుస్తరు గదనే."

"నడువనీ. నడిస్తె ఏమైతది, బర్లు గాదు గదా తొక్కడానికి."

తలుపు దగ్గర తవ్వడం మొదలుపెట్టాడు. వీపు వీధికి ఉంది. వెనక ఎవరు నడిచినా పలుగు ఆపి తిరిగి చూస్తున్నాడు. నీళ్ళ బిందెతో గంగమ్మ పోయింది. "ఏందయ్యా, మగ్గాన్ని తలుపు కాడ కావలి వెట్టినవా?" అంది.  పాలవాడు పోయాడు. సైకిల్ మీద నూలు చుట్టిన బీములు కట్టుకుని పవర్‌లూము పనివాడొకడు పోయాడు. 

గుంట మోకాలి లోతు అయింది. వెనక అడుగులు పరుగు మీద వచ్చి ఆగాయి. ఈసారి ఆయనకు తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. గుంటలో అలాగే నిలబడి పలుగు కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు రాజారాం. రొప్పుతున్నాడు. "ఫోనొచ్చింది. దీదీ చేసింది."

అంబాదాస్ కదల్లేదు. వంటింటి గుమ్మంలోంచి కమల లేచి వచ్చింది.

"చెప్పురా నాయనా. సతాయించకు."

"కాలు తియ్యలేదంట వదినె. లోపల రాడ్ ఏసిండ్రంట. కుంటుతదంట. గని కాలున్నదంట."

అంబాదాస్ గుంట అంచున కూర్చున్నాడు. పాదాలు మట్టిలో ఉన్నాయి. మట్టి పొడిగా ఉంది. చేత్తో తడిమి చూశాడు. మళ్ళీ ఇంకోచోట తడిమి చూశాడు.

"దీదీ ఇంకో మాట సుత అడగమన్నది," అన్నాడు రాజారాం. "వానలు తగ్గినంక ఎన్నడొస్తవని."

కమల మొగుడి వైపు చూసింది. ఆయన మట్టి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. 

"దాదీ ఎప్పుడు రమ్మంటె అప్పుడు," అన్నాడు.